బుర్రావారు సినిమా కథ వండిన వైనం

దేవుడు తెలివి పంచిపెట్టిన రోజున పెదలంకలో అందరూ దోసిళ్ళు పట్టుకుని వెళ్తే, బుర్రావారు మాత్రం జల్లెడ పట్టుకుని వెళ్ళారని ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ మాట ఎవరన్నా సరే, బుర్రా గవర్రాజు మీసం దువ్వుకునేవాడు.

"విన్నారా? జల్లించి మరీ తెచ్చుకున్నాం. నూకా పొట్టూ మా ఇంట్లోకి రానివ్వలేదు. అయినా మీకు బుర్ర తలలోనే ఉంటుంది. మాకు ఇంటిపేరులో కూడా ఉంది" అనేవాడు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. గవర్రాజు, ఆయన భార్య మంగతాయారు, తమ్ముడు సోమలింగం. ముగ్గురూ వసారాలో కూర్చుని కొబ్బరిపీచుతో తాళ్ళు పేనేవాళ్ళు. చదవడం వచ్చింది మంగతాయారుకి ఒక్కదానికే. అందుకని ఆవిడ కాసేపు తాడు పక్కన పెట్టి ఏదో ఒకటి చదివేది, అన్నదమ్ములు వినేవాళ్ళు.

వాళ్ళకి అన్నిటికన్నా ఇష్టమైన పుస్తకం 'కొబ్బరితోట కామాక్షి'. అది రాసింది ఎవరో కాదు, ఆ వీధి చివర ఉండే మాణిక్యాంబ టీచరుగారే. భర్త పోయిన కామాక్షి ఏటి మధ్య లంకలో ఒంటరిగా తోట వేస్తుంది. వరదకి కొట్టుకుపోతుంది. మళ్ళీ వేస్తుంది. మళ్ళీ పోతుంది. మళ్ళీ వేస్తుంది. అదీ కథ. అదంతా టీచరుగారి తల్లి జీవితమే, పేరొక్కటే మార్చారు. మంగతాయారు వరద వచ్చిన చోటు చదువుతూంటే అన్నదమ్ములిద్దరూ తడుస్తాయని కాళ్ళు అరుగు మీదికి లాక్కునేవాళ్ళు.

ఒక రోజు మంగతాయారు పేపరు చూసి కేక పెట్టింది.

"ఏవండీ! మన 'కొబ్బరితోట కామాక్షి'ని తెరకెక్కిస్తున్నారట!"

గవర్రాజు చేతిలో తాడు జారిపోయింది. "తెర మీదికి ఎక్కిస్తారా? పుస్తకాన్నా?"

"అలాగే రాశారు."

"అంత లావు పుస్తకం నిలుస్తుందా?"

"చూస్తే పోలా అన్నయ్యా" అన్నాడు సోమలింగం.

ఇంకేముంది, గుమ్మానికి వేలాడే తెర దగ్గర స్టూలు వేశారు. సోమలింగం తెర కింద నిలబడి పట్టుకున్నాడు. గవర్రాజు స్టూలెక్కి పుస్తకాన్ని తెర అంచుమీద జాగ్రత్తగా కూర్చోబెట్టాడు. వదిలాడు. అంతే, పుస్తకం వచ్చి సోమలింగం నడినెత్తిన పడింది.

"నిలవదు. ఈ సినిమా మీద నా అభిప్రాయం ఇదే" అన్నాడు సోమలింగం, నెత్తి రుద్దుకుంటూ.

మంగతాయారు కాసేపు ఆలోచించి, పాత జాకెట్టు గుడ్డ తీసి తెరకి పెద్ద జేబు కుట్టింది. అందులో పుస్తకం వేస్తే బుద్ధిగా నిలిచింది. "సినిమావాళ్ళకి ఈ ఉపాయం తట్టదు, మనమే చెప్పాలి" అని ముగ్గురూ తెర భుజాన వేసుకుని టీచరుగారింటికి వెళ్ళారు.

టీచరుగారు జేబున్న తెర చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని అన్నారు.

"మంచి సమయానికి వచ్చావు గవర్రాజూ. డైరెక్టరు ధనుంజయ్ గారని, మన ఊరు చూడ్డానికి వస్తున్నాడు. ఓ పది రోజులుంటాడట. మేడగది ఉన్నది మీ ఇంటికే కదా, అందులో దింపుదామా? కాస్త ఆయన్ని కనిపెట్టుకుని ఉండాలి."

"మీరు చెప్పాక తిరుగుందా టీచరమ్మగారూ" అన్నాడు గవర్రాజు.

ధనుంజయ్ వచ్చాడు. నల్లకళ్ళద్దాలు, భుజాన సంచి. ఆ సంచిలో సినిమా కథంతా రాసిన కాగితాల కట్ట. కంప్యూటర్లో ఎక్కిస్తే సినిమా పోతుందని ఆయనకో నమ్మకం. అందుకని అంతా నీలంసిరా పెన్నుతో సొంత చేత్తోనే రాసుకునేవాడు, షూటింగు మొదలయ్యేదాకా ఇంకో కాపీ తీయనిచ్చేవాడు కాదు.

ఇక గవర్రాజు ఆయన్ని కనిపెట్టుకుని ఉండడం మొదలుపెట్టాడు. ధనుంజయ్ కూర్చుంటే ఎదురుగా కూర్చుని కన్నార్పకుండా చూసేవాడు. నడిస్తే వెనకాలే నడిచేవాడు. స్నానాల గదిలోకి వెళ్తే తడిక సందులోంచి, "ఉన్నారాండి?" అని అడిగేవాడు.

"ఉన్నానయ్యా! ఎక్కడికి పోతాను?"

"ఏం లేదండి, కనిపెడుతున్నాను."

భోజనాల దగ్గర ధనుంజయ్ కాస్త సరదాపడ్డాడు. "మీరంతా నవల చదివినవాళ్ళు. సినిమా ఎలా ఉండాలో మీ అభిప్రాయాలు దాచుకోకుండా చెప్పండి" అన్నాడు.

"మేం ఏదీ దాచలేదండి, కావాలంటే అటక చూసుకోండి" అన్నాడు సోమలింగం. "నా మట్టుకు నాకు, నవల ఎంతసేపుందో సినిమా అంతసేపూ ఉండాలండి. మాకు చదవడానికి రెండు నెలలు పట్టింది. జనం చాపా దిండూ తెచ్చుకోవాలి."

"వరద వచ్చినప్పుడు హాల్లోకి నీళ్ళు వదలాలండి. లేకపోతే వరదని ఎలా నమ్ముతారు?" అన్నాడు గవర్రాజు.

"కామాక్షి చేపల పులుసు పెట్టినచోట ఆటాపి, తలా ఓ గరిటెడు పొయ్యాలండి. ఊరికే చూపించి ఊరుకుంటే ఉసురు తగుల్తుంది" అంది మంగతాయారు.

ధనుంజయ్ పొలమారేలా నవ్వాడు. నవ్వుతూనే సోమలింగాన్ని ఎగాదిగా చూశాడు. "నీ మొహం బావుందయ్యా. పడవ సరంగు పాత్ర ఒకటుంది, చేస్తావా? ఒక్కటే షరతు. పాత్రలో ఒదిగిపోవాలి. పాత్ర వేరు, మనిషి వేరు అన్నట్టు కనపడకూడదు. సాయంత్రానికి తయారై చూపించు."

అన్నదమ్ములు పెరట్లోకి పరిగెత్తారు. చెంబులో సోమలింగం వేలే పట్టింది. బిందెలో చెయ్యి పట్టింది. "మనిషంతా ఒదగాలన్నారురా" అని గవర్రాజు అటక మీంచి గంగాళం దింపాడు. మూరెడు మూతి, లోపల మాత్రం మంచి విశాలం. సోమలింగం కాళ్ళు మడిచాడు, చేతులు ముడిచాడు, ఊపిరి బిగబట్టాడు. అన్న పైనుంచి నొక్కాడు, వదిన పక్కనుంచి తోసింది. అంతే, తల తప్ప మిగతా సోమలింగమంతా గంగాళంలోకి దిగిపోయాడు.

సాయంత్రం ధనుంజయ్ మేడ దిగి వచ్చేసరికి వసారా మధ్య గంగాళం, దానిమీద చెమటలు కక్కుతూ సోమలింగం తల.

"ఒదిగిపోయానండి" అంది తల.

ధనుంజయ్ పొట్ట పట్టుకుని గుంజకి ఆనుకుపోయాడు. "ఓరి నీ... నా పాత సినిమాలో హీరో కూడా ఇంతే! పాత్రలోంచి బయటికి రావడానికి పాపం మూడు నెలలు పట్టింది!"

సోమలింగం మొహం పాలిపోయింది. "మూడు నెలలా! అన్నయ్యోయ్! నా స్నానం ఎలాగరా! దీన్లోనే ఉంచేస్తారా నన్ను!" అని గొల్లుమన్నాడు.

"ఏడవకు. ఏడిస్తే ఉబ్బుతావు" అని గవర్రాజు కసిరాడు. మంగతాయారు శేరు కొబ్బరినూనె తెచ్చి మెడ చుట్టూ పోసింది. గంగాళాన్ని దొర్లించారు, బోర్లించారు, కొట్టారు. ఎట్టకేలకి సోమలింగం సబ్బుబిళ్ళలా జారి వెళ్ళి కోళ్ళగూటికి తగిలాడు. ఆ తరవాత ఆయన సినిమా పాత్ర అనే మాట వినిపిస్తే చాలు గది తలుపేసుకునేవాడు.

ఇదంతా నవ్వులాటగానే సాగేది. కానీ మర్నాడు గవర్రాజు కొబ్బరికాయలివ్వడానికి టీచరుగారింటికి వెళ్తే, ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఏడుస్తున్నారు. ధనుంజయ్ అప్పుడే వచ్చి కథ ఎలా మార్చాడో చెప్పి వెళ్ళాడట.

"మా అమ్మ ముసలిదయ్యి, తాను వేసిన చెట్టు కాయ తాను తిని, ఆ తరవాత పోయింది గవర్రాజూ. ఈయన నా కామాక్షిని ఇంటర్వెల్ కాకుండానే చంపేస్తున్నాడు. నేనేమో కాగితాల మీద సంతకం పెట్టేశాను. ఇంక నోరెత్తడానికి లేదు."

గవర్రాజు చేతిలో కాయలన్నీ కింద దొర్లిపోయాయి. చంపేస్తున్నాడా! వసారాలో ముగ్గురూ కాళ్ళు పైకి లాక్కుని బతికించుకున్న కామాక్షినా! తన ఇంట్లో తిని, తన మేడలో పడుకుని, తను ఇన్ని రోజులూ కనిపెట్టుకుని ఉంటే, ఈ మనిషి చేస్తున్న పని ఇదా! తువ్వాలు నడుముకి బిగించి తిన్నగా ఇంటికొచ్చి మేడెక్కాడు.

"ఏవండీ, మీరు కామాక్షిని చంపుతారటగా?"

ధనుంజయ్ పడవ మీద లంకలు చూడ్డానికి వెళ్ళే హడావిడిలో ఉన్నాడు. "ఆఁ, చంపేస్తాను. లేకపోతే జనం ఏడవరు" అన్నాడు చెప్పులేసుకుంటూ.

"ఎలా చంపుతారండి?"

"ఏట్లో ముంచి."

గవర్రాజు గబుక్కున ఆయన చేతులు పట్టుకున్నాడు. "బాబ్బాబు, వద్దండి. కావాలంటే నన్ను ముంచండి, నాకు ఈత రాదు. ఆవిడేం పాపం చేసిందండి? జనం ఏడవడమే కావాలంటే ఉల్లిపాయలు పంచండి."

ఆ మాటకి ధనుంజయ్ ఆగాడు. గవర్రాజు కళ్ళల్లో నిజంగానే నీళ్ళు. సినిమా కథ కోసం ఇలా బతిమాలినవాణ్ణి ఆయన ఎక్కడా చూడలేదు. కాస్త మెత్తబడి భుజం తట్టాడు.

"సరే పెద్దాయనా, చూద్దాం. అసలు నాకే తృప్తిగా లేదు. కథ ఇంకా నానాలి. మసాలా దట్టించాలి. బాగా వండి వార్చి, జనానికి వేడివేడిగా వడ్డించాలి. అదంతా కుదిరితే అప్పుడు చావు అక్కర్లేకపోవచ్చు. రేపు మధ్యాహ్నం వచ్చాక ఆలోచిస్తాను" అని పడవెక్కి వెళ్ళిపోయాడు.

గవర్రాజు మెట్లు దిగి భార్యనీ తమ్ముణ్ణీ పిలిచాడు.

"కామాక్షి బతకాలంటే దారి చెప్పారు. ఇంత చిన్న పని, పాపం ఆ ఒంటి మనిషికి వండుకోవడం రాక చంపేద్దామనుకున్నారు. మంగా, పొయ్యి వెలిగించు. సోమూ, మేడమీద సంచిలోంచి ఆ కట్ట తే."

ఇంకేముంది, కాగితాల కట్ట బిందెలో పడింది. పొద్దుగూకేదాకా ఒక బిందె నీళ్ళు, ఆ తరవాత అవి పారబోసి ఇంకో బిందె మంచినీళ్ళు. తెల్లారేసరికి కథ బాగా నానింది. ఎంత నానిందంటే, పట్టుకుంటే పిండిలా విడిపోయింది. మంగతాయారు ధనియాలు, లవంగాలు, చెక్క వేయించి, రోట్లో దంచి, ఉప్పూ కారం కలిపి దట్టంగా పట్టించింది.

"ప్రేమ కథ ఉందటగా, కాస్త బెల్లం కూడా వెయ్యనా?" అంది.

"వెయ్యి. విలను కూడా ఉన్నాట్ట, పచ్చిమిరపకాయలు నిలువుగా చీరి వెయ్యి" అన్నాడు గవర్రాజు.

సోమలింగం పాత్ర అన్న మాట తలుచుకోకుండా, మొహం పక్కకి తిప్పుకుని, గంగాళాన్ని పొయ్యిమీద పెట్టాడు. కథ కుతకుతా ఉడికింది. మంగతాయారు గరిటెతో తీసి నొక్కి చూసింది.

"హీరో ఇంకా పలుకు మీదున్నాడు."

"ఇంకో సెగ తగలనీ."

"ఈ పైకి తేలేదేమిటి వదినా?" అన్నాడు సోమలింగం.

మంగతాయారు వేళ్ళతో పట్టుకుని చూసింది. "పాట. పాటలు తేలిపోతాయి, అడుగున ఏమీ ఉండదు."

తరవాత మూత బిగించి గంజి వార్చారు. గంజి నీలంగా దిగింది. పెరట్లో మేక వచ్చి ఒకసారి వాసన చూసి, వెనక్కి తిరిగి చూడకుండా పక్కూరివైపు పోయింది.

మధ్యాహ్నం ధనుంజయ్ ఎండనపడి ఆకలితో వచ్చాడు. వసారాలో అరిటాకు వేసి ఉంది, పక్కనే మంచినీళ్ళు. గవర్రాజు విసనకర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోండి బాబూ. మీరు చెప్పినట్టే అంతా చేశాం. వేడివేడిగా ఉంది."

పొగలు కక్కుతూ ముద్ద ఆకులో పడింది. ఈ ఊళ్ళో ఏదో కొత్త రకం ఉప్మా అనుకుని ధనుంజయ్ నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకొంచెం నమిలాడు. పంటికింద ఏదో పీచులా తగిలితే వేళ్ళతో బయటికి లాగాడు. చిన్న కాగితం ముక్క. దానిమీద వెలిసిపోయిన నీలంసిరాలో తన దస్తూరీ.

ఆయన దాన్ని చూశాడు. గంగాళాన్ని చూశాడు. మేడవైపు చూశాడు.

"నా కథ ఎక్కడ?"

"దించేశామండి. కాస్త చల్లారాక మారు వడ్డన" అంది మంగతాయారు.

ధనుంజయ్ పెట్టిన కేకకి ఏటి అవతలి రేవులో పడవవాళ్ళు చేతులెత్తి బదులు కేక పెట్టారు. "సంవత్సరం రాశానే! నాలుగు రోజుల్లో షూటింగు! నేనిది జీర్ణించుకోలేను!"

"వాము తెస్తానుండండి" అని మంగతాయారు లోపలికి పరిగెత్తింది.

ఆయన తిట్టాడు, జుట్టు పీక్కున్నాడు, కాసేపు గోడకి చేరగిలబడ్డాడు. గవర్రాజు పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతూ, "ఉప్పెక్కువైందాండి?" అని దీనంగా అడిగాడు. ఆ మొహం చూశాక తిట్టడానికి ధనుంజయ్‌కి ఇంక ఓపిక లేకపోయింది. ఫోన్లో నిర్మాత ఒకటే మాటన్నాడు. తారీఖు మారదు, ఏదో ఒకటి తియ్యి.

తియ్యడానికి ఉన్నది నవల ఒక్కటే. నిజం చెప్పాలంటే ఆ నవల ధనుంజయ్ పూర్తిగా చదవలేదు. ఎవరో చెప్పగా విని, మిగతాది కల్పించుకున్నాడు. ఇక గతిలేక, మంగతాయారు దగ్గర పుస్తకం తీసుకుని మేడెక్కాడు. భోజనానికి పిలిస్తే రాలేదు. కాఫీకి పిలిస్తే రాలేదు. మర్నాడు పొద్దున దిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

"అయ్యో, కళ్ళకలకా?" అంది మంగతాయారు.

"కాదమ్మా. చెట్టు కాయ తినే చోటు చదివాను" అన్నాడాయన. గవర్రాజువైపు తిరిగాడు. "కామాక్షి చావదు పెద్దాయనా. ఉన్నది ఉన్నట్టే తీస్తాను."

గవర్రాజు తువ్వాలులో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఒక్క పరుగున వెళ్ళి టీచరుగారికి చెప్పాడు. ఆవిడ లేచి వచ్చి, ఆయన రెండు చేతులూ పట్టుకుని, "నా కామాక్షికి ప్రాణం పోశావయ్యా" అన్నారు.

"ప్రాణం కాదండి, నీళ్ళు పోశాం. రెండు బిందెలు" అన్నాడు గవర్రాజు వినయంగా.

సినిమా తీయడం అయింది. వేసవి వెళ్ళి వానలు పడ్డాక ఒక రోజు టీచరుగారు పట్నం వెళ్తూ, పడవలోంచే కేకేసి చెప్పారు. "గవర్రాజూ! శుక్రవారం పొద్దున్నే విడుదల! మీరు ముగ్గురూ రాకపోతే ఊరుకోను!"

పడవ వెళ్ళిపోయింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"విడుదలేమిటండీ? ఎప్పుడు లోపలేశారు?" అంది మంగతాయారు.

"పేపర్లో నువ్వే చదివావు కదా వదినా, షూటింగు జరిగిందని. తుపాకులు కాలిస్తే పోలీసులు ఊరుకుంటారా?" అన్నాడు సోమలింగం.

"పాపం కామాక్షి, ఎన్నాళ్ళుందో లోపల. ఒంటి మీద బట్టయినా ఉందో లేదో" అని గవర్రాజు కళ్ళొత్తుకున్నాడు.

అంతే, శుక్రవారం తొలి పడవకే బయల్దేరారు. బంతిపూల దండ, కొత్త నేతచీర, డబ్బాలో పులిహోర. పట్నంలో సినిమాహాలు ముందు జనం ఇసకేస్తే రాలకుండా ఉన్నారు. ముగ్గురూ ఆ జనాన్ని తోసుకుంటూ, హాలు దాటుకుంటూ, దారి అడుక్కుంటూ తిన్నగా జైలు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

కాసేపటికి చిన్న తలుపు తెరుచుకుంది. గుబురుమీసాలవాడు ఒకడు సంచీ పట్టుకుని బయటికొచ్చాడు.

"ఇవాళ విడుదల నువ్వేనా?" అన్నాడు గవర్రాజు.

"నేనేనండి."

"ఇంకెవరైనా ఉన్నారా?"

"ఇవాళ్టికి నేనొక్కణ్ణే."

గవర్రాజు దండ వేశాడు. సోమలింగం పులిహోర పెట్టాడు. మంగతాయారు కొత్తచీర భుజాన కప్పింది. ఇంత మర్యాద వాడి జన్మలో ఎవరూ చేయలేదు. కాదనకుండా వాళ్ళతో పెదలంక వచ్చి, పీకలదాకా తిని, అరుగుమీద నిద్రపోయి, లేచి వెళ్ళిపోయాడు.

పొద్దువాటారాక టీచరుగారు మెరిసే మొహంతో పడవ దిగారు. హాల్లో వీళ్ళని ఎంత వెతికినా కనపడలేదట. "సినిమా చూశావా గవర్రాజూ? ఎలా ఉంది?" అని రేవులోనే అడిగారు.

గవర్రాజు తల గోక్కున్నాడు. ఆవిడ మనసు నొప్పించడం ఆయనకి ఇష్టం లేదు, అబద్ధం ఆడడమూ చేతకాదు.

"చూశామండి. మంచిదే, మారడిగి మరీ తింది. కానీ టీచరమ్మగారూ, ఎంతైనా నవల నవలేనండి. డైరెక్టరుగారు ఉన్నది ఉన్నట్టు తీస్తానని మాటిచ్చి, కామాక్షికి ఇంతేసి మీసాలు పెట్టేశారు. ఇంకో సంగతండి... సినిమా అయిపోయిన దగ్గర్నుంచీ మా కోడిపుంజు కనపడ్డం లేదు."